పెడల్ కింది రబ్బరు ముక్క

మా కారు ఇంజన్‌కి ఒక చిన్న కంప్యూటర్ ఉంటుందని, దానిలోని లెక్కలు మార్పిస్తే బండికి ఇంకాస్త బలం వస్తుందని ఒక ఆదివారం పొద్దున ఇడ్లీ తింటూ అన్న చెప్పినప్పుడు నాకు పొలమారింది. దగ్గి దగ్గి కళ్లలో నీళ్లొచ్చాయి. వదిన మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపి, "నిమ్మలంగ తినొచ్చు గదా, ఎవరన్న తరుముతున్నరా?" అంది. తరుముతూనే ఉన్నారు, ఏడాదిన్నరగా. కానీ ఆ సంగతి ఆ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదని అప్పటికి నా నమ్మకం.

"రీమ్యాప్ అంటరు దాన్ని," అన్న వివరించాడు. "కంపెనీవాళ్లు బండి బలాన్ని కావాల్నని తొక్కిపెడ్తరంట. ల్యాప్‌టాప్ తగిలించి ఆ ఫైల్ బయటికి తీసి, డీజిల్ ఎంత పోవాలె, గాలి ఎంత పోవాలె అన్నీ మార్చి మళ్ల ఎక్కిస్తరు. ఇంజన్ ఇప్పే పని కూడ లేదు. నారాయణగూడల ఒకాయన చేస్తడు."

"ఇప్పుడు బలమెందుకన్నా? మనం పోయేది బర్కత్‌పుర దాకా, విద్యానగర్ దాకా. ఈ ట్రాఫిక్‌ల ఉన్న బలానికే పని లేదు."

అన్న చట్నీ గిన్నెలో చెంచా తిప్పాడు. "ఆ రోజు బండి గుంజలేదు గదరా," అన్నాడు.

వదిన ఖాళీ ప్లేట్లు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మా ఇంట్లో ఆ రోజు అంటే ఒక్కటే, అమ్మ పోయిన రోజు. ఆ మాట వచ్చిన ప్రతిసారీ వదినకు వంటింట్లో ఏదో పని గుర్తుకొస్తుంది, నాకు క్లాసు గుర్తుకొస్తుంది, ఆదివారమైనా సరే. ఆ పొద్దున కూడా అదే చెప్పి లేచాను.

నేను అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో రీజనింగ్ చెప్తాను. నవ్వదలచుకుంటే ఇక్కడే నవ్వేయండి, ముందు ముందు వీలుపడదు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉంటూ సర్కారు ఉద్యోగాలకు చదివే పిల్లలకు, ఒక మాట నిజమైతే ఇంకో మాట నిజమవుతుందా కాదా అని తేల్చడం నేర్పుతాను. మీ కళ్లతో చూసింది వేరు, మీరు అనుకున్నది వేరు, రెండూ కలిపితే మార్కులు పోతాయి అని రోజూ గొంతు చించుకుంటాను. మైకు కూడా ఉంటుంది, అయినా చించుకుంటాను. అది నా స్వభావం.

ఇక దాచడమెందుకు, చెప్పేస్తాను. మా కారుకు బలం తక్కువ కాదు. దాని యాక్సిలరేటర్ పెడల్ కింద నేనే ఒక రబ్బరు ముక్క అంటించాను.

కారు కొన్న కొత్తలో అన్న బండి నడిపే తీరు చూస్తే ఎవరికైనా భయమేసేది. కాలేజీ రోజుల్లోనే నారాయణగూడ చౌరస్తాలో స్కూటర్ మీది నుంచి పడి నెలల తరబడి కాలికి కట్టుతో మంచం మీద ఉన్న మనిషి. ఆ నెలలన్నీ అమ్మ ఆ మంచం పక్కనే కూర్చుంది. అంత జరిగినా అన్నకు బుద్ధి రాలేదు, భయం మాత్రం అమ్మకు ఉండిపోయింది. కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించిన రోజునే, మా వీధి చివర మలుపు దగ్గర అన్న బండిని ఎంత జోరుగా తిప్పాడంటే, వెనక సీట్లో అమ్మ నా మోచెయ్యి పట్టుకుని వదల్లేదు. ఇంటికొచ్చాక చూసుకుంటే గోళ్ల గుర్తులున్నాయి.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మా చిక్కడపల్లి ఫ్లాటు బాల్కనీలో అమ్మ నన్ను పట్టుకుంది. "వానికి చెప్తే ఇంటడా? ఇనడు. నువ్వే ఏమన్న చెయ్యి బిడ్డా. గంత మందికి తెలివి చెప్తవు గదా."

నాకు తెలివి ఉందని మా అమ్మ ఒక్కతే నమ్మింది. నమ్మిన మనిషిని ఎట్లా కాదంటాం?

నేను కారు నేర్చుకున్నది నారాయణగూడలో ఒక డ్రైవింగ్ స్కూల్లో. అక్కడి బండిని ఎంత తొక్కినా ఒక హద్దు దాటి పోయేది కాదు. ముసలి బండి కాబోలు అనుకునేవాణ్ని. చివరి రోజున నేర్పే పెద్దాయన వంగి మ్యాట్ ఎత్తి చూపించారు. పెడల్ కింద, సరిగ్గా అది వచ్చి తగిలే చోట, పాత టైరు కోసి చేసిన ముక్క ఒకటి అంటించి ఉంది. "కొత్తోళ్లు గాబరాల బ్రేకు అనుకోని ఇది తొక్కుతరు సార్. తొక్కినా ఏం గాదు, ఇది ఆపుతది," అన్నారు. అమ్మ అడిగిన మర్నాడే ఆయన దగ్గరికి వెళ్లాను. ఎవరికని ఆయన అడగలేదు. రెండు వేళ్ల మందాన ఒక ముక్క కోసి, బంక డబ్బా కూడా చేతిలో పెట్టారు.

మావాళ్లు కారు నేలను కూడా కొత్త చీరలాగా దాచుకునే రకం. కంపెనీ కార్పెట్ మాసిపోతుందని దాని మీద ప్లాస్టిక్ షీటు, షీటు చిరుగుతుందని దాని మీద రబ్బరు మ్యాట్. అన్న స్నానానికి వెళ్లిన పావుగంటలో సెల్లార్‌కి దిగి, ఆ పొరలన్నిటి కిందా ముక్కను అంటించి, మళ్లీ అన్నీ ఎప్పటిలా పరిచేసి వచ్చాను. పైకొచ్చేసరికి అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది. తలూపాను. అమ్మా తలూపింది. మా ఇద్దరి మధ్య ఆ విషయం మీద అంతకు మించి ఒక్క మాట జరగలేదు.

అన్న ఒక వారం సణిగాడు. "ఏందిరా, బండి గింత మందమయింది," అనేవాడు. తర్వాత సణగడం మానేశాడు. మెల్లమెల్లగా మనిషే మారిపోయాడు. బస్సుకు దారిచ్చేవాడు. పిల్లలు రోడ్డు దాటుతుంటే ఆగేవాడు. అమ్మ వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని కూర్చుని కునికిపాట్లు కూడా తీసేది. అంతకుముందు అన్న ఆఫీసు నుంచి వచ్చేదాకా బాల్కనీలో కూర్చుని వీధి చూసే మనిషి, అదీ మానేసింది. గాలికి దడాలున కొట్టుకునే బాల్కనీ తలుపు కింద, పాత చీర గుడ్డ చుట్టిన అడ్డు ఒకటి పెట్టి, లోపల హాయిగా టీవీ చూసుకునేది. ఒక రబ్బరు ముక్క ఒక మనిషిని మార్చేసిందని, ఆ ముక్క పెట్టింది నేనని మూడేళ్లపాటు లోలోపల మురిసిపోయాను.

ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా మ్యాట్ ఎత్తి చూడలేదు. పని జరుగుతున్నప్పుడు చూడటం దేనికి అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం క్లాసుల మధ్య విరామంలో అన్నానికి ఇంటికొచ్చాను. అన్న ఆఫీసుకు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. వదిన ఊరికి పోయి ఉంది. అమ్మ మజ్జిగ గ్లాసు నా ముందు పెట్టి, అట్లాగే కుర్చీలో కూర్చుండిపోయింది. "ఎట్లనో అయితుంది బిడ్డా," అంది. ముఖమంతా చెమట. జాకెట్టు తడిసిపోయింది. అంబులెన్స్ కోసం ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. అన్న ఆగలేదు. అమ్మను ఎత్తుకుని మెట్లు దిగాడు. వెనక సీట్లో అమ్మ తలను ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్నాను.

ఆసుపత్రి విద్యానగర్ వైపు. చౌరస్తా మీదుగా పోతే ఇరుక్కుపోతామని అన్న అశోక్ నగర్ సందుల్లోంచి తీసి ఇందిరా పార్క్ దగ్గర స్టీల్ బ్రిడ్జి ఎక్కించాడు. ఎక్కగానే ముందు రోడ్డంతా ఖాళీగా కనిపించింది. అంత ఖాళీ రోడ్డు మా వైపు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఒక్క బండి అడ్డం లేదు. పోవడమే తరువాయి.

కారు పోలేదు. పోయింది గానీ, రోజూ పోయినట్టే పోయింది. ఎత్తు ఎక్కుతుంటే ఇంజన్ మూలుగుతోంది. అన్న స్టీరింగ్‌ని అరచేత్తో కొడుతూ, "గుంజుతలేదురా, గుంజుతలేదు," అంటున్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. రబ్బరు ముక్క.

చెప్పవలసింది ఒక్క మాట. అన్నా, మ్యాట్ కింద ఒక ముక్కుంది, పీకెయ్. ఒక్క క్షణం బండి పక్కకు ఆపి, చెయ్యి పెట్టి లాగితే వచ్చేస్తుంది. మాట నాలుక చివరి దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మ కళ్లు తెరిచింది. "నిమ్మలంగ పోనియ్యి బిడ్డా," అంది అన్నతో. నా చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ చేతికి అంత బలం ఎక్కడిదో.

నేను చెప్పలేదు. బ్రిడ్జి దిగేదాకా నోరు పెగల్లేదు. కింద స్తంభాల పక్కన నా కోచింగ్ సెంటర్ బోర్డు, టీ కొట్టు దగ్గర మా పిల్లలు, అన్నీ కనబడకుండానే వెనక్కి పోయాయి. ఆసుపత్రి గేటు దగ్గర స్ట్రెచర్ వచ్చేసరికి నా చేతిలోని చెయ్యి వదులైపోయింది. కొంచెం ముందు తెచ్చి ఉంటే బతికేదా అని అన్న అడిగాడు. డాక్టరమ్మ మంచిది, అట్లా ఏం చెప్పలేం అంది.

ఆ రోజు నుంచి నేను ఆ బ్రిడ్జి ఎక్కలేదు. కానీ తప్పించుకోవడం ఎక్కడ? ఇంటి నుంచి అశోక్ నగర్ పోవాలంటే దాని కిందుగానే నడవాలి. పైన బండి పోయినప్పుడల్లా అతుకుల దగ్గర దడ్ దడ్‌మని రెండు దెబ్బలు వినిపిస్తాయి. ముందు చక్రాలు, వెనక చక్రాలు. జోరుగా పోయే బండికి ఆ రెండు దెబ్బలూ దగ్గరదగ్గరగా వస్తాయి. మెల్లగా పోయే బండికి మధ్యలో జాగా ఉంటుంది. నేను నడవడం ఆపి వింటాను. మధ్యలో జాగా ఎక్కువైతే, పైన పోయేది మేమే అనిపిస్తుంది. అమ్మ ఇంకా వెనక సీట్లోనే ఉంది, నాకు ఇంకా చెప్పడానికి సమయం ఉంది అనిపిస్తుంది. క్లాసుకు ఆలస్యంగా వస్తున్నానని డైరెక్టర్ రెండుసార్లు అన్నాడు. సార్, పైన మా అమ్మ పోతుంది అని చెప్తే ఏమనేవాడో.

ముక్కను ఎందుకు తీసేయలేదని మీరు అడుగుతారు. నన్ను నేనూ అడిగాను. తీయాలంటే మ్యాట్ ఎత్తాలి. ఎత్తితే అది అక్కడ కనిపిస్తుంది. ఎత్తనంత కాలం, బహుశా బంక ఊడిపోయి ఎప్పుడో పక్కకు జరిగి ఉంటుంది, ఆ రోజు బండి ఆ ఎత్తు వల్లే మెల్లగా పోయింది అనుకోవచ్చు. అన్నతో ముందు సీట్లో కూర్చోవడం మానేశాను. వెనక సీట్లోనూ అమ్మ పడుకున్న వైపు కూర్చోను.

అట్లాంటప్పుడు, రీమ్యాప్.

దాన్ని ఆపడానికి నేను చెయ్యగలిగినంతా చేశాను. ఇంజన్ పాడవుతుందన్నాను. క్లచ్ కాలిపోతుందన్నాను. పొల్యూషన్ సర్టిఫికెట్ రాదన్నాను. అన్న పనిచేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో కాబట్టి, బండిలో మార్పు చేసి చెప్పకపోతే రేపు క్లెయిమ్ రాదని మీవాళ్లే అంటారు కదా అన్నాను. ప్రతిదానికీ అన్న దగ్గర జవాబు ఉంది. క్లచ్ మార్చుకుందామన్నాడు. మార్పు సంగతి ఆఫీసులో రాసిస్తానన్నాడు. "బలం ఉండని, వాడకపోయినా ఉండని," అన్నాడు.

నాకు తెలిసిన సంగతి ఒక్కటే. ల్యాప్‌టాప్ తగిలించే మనిషి ముందుగా పెడల్‌ని పూర్తిగా తొక్కి చూస్తాడు. చూస్తే దొరుకుతుంది. అన్న వంగి తీస్తాడు. ఎవరు పెట్టారో తేలడానికి రీజనింగ్ మాష్టారు అక్కర్లేదు.

పోవలసిన ఆదివారం పొద్దున్నే, అన్న పూజలో ఉండగా తాళం చెవి తీసుకుని సెల్లార్‌కి దిగాను. డ్రైవర్ వైపు తలుపు తెరిచి మోకాళ్ల మీద కూర్చున్నాను. మ్యాట్ అంచు చేతికందింది. లాగడమే. అప్పుడు ముందు సీటు వెనక జేబులో అమ్మ కళ్లజోడు డబ్బా కనిపించింది. ఎవరూ తీయలేదు దాన్ని. వదిన కారు కడిగిస్తుంది, సీట్లు తుడిపిస్తుంది, ఆ డబ్బా జోలికి మాత్రం పోలేదు. నేను మ్యాట్ అంచు వదిలేశాను. ఆ రోజు చెప్పలేని వాణ్ని, ఈ రోజు దొంగలాగా తీసేసి, బండి బాగుందన్నా అని పక్కన నిలబడి చెప్పాలా? అంత సిగ్గులేనివాణ్ని కాలేకపోయాను. ఇంత వీరుడిలా రాస్తున్నాను గానీ, అసలు సంగతి, భయపడి లాగలేకపోయాను.

నారాయణగూడ సందులో ఆ షెడ్డు రెండు కార్లు పట్టేంత ఉంది. చేసేవాడు ముప్పై ఏళ్ల మనిషి, మర్యాదస్తుడు. మాకు కుర్చీలు వేశాడు. అన్న కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు. అతను స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కి తీగ తగిలించి, ల్యాప్‌టాప్‌ని బానెట్ మీద గుడ్డ వేసి పెట్టాడు.

"ముందుగాల పెడల్ చూస్తం అన్నా," అన్నాడు. "శానమంది బండిల పికప్ లేదని వస్తరు. చూస్తే మ్యాట్ అడ్డం పడి పెడల్ ఫుల్ పోతుండదు. గసొంటోళ్లకు రీమ్యాప్ ఎందుకు? మ్యాట్ తీసేస్తె సాలు." నవ్వాడు.

అన్న నవ్వలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని తాళం చెవి తిప్పాడు.

"ఇంజన్ స్టార్ట్ చెయ్యకన్నా. ఊకె పెడల్ తొక్కు. నిమ్మలంగ, ఫుల్ దాక."

నిమ్మలంగ అనే మాట అతను కూడా అనాలా? తెర మీద అంకె కదిలింది. పది. ఇరవై ఐదు. నలభై. డ్రైవింగ్ స్కూలు పెద్దాయన అప్పట్లో చెప్పారు, ముక్క ఉంటే పెడల్ సగం మీద కొంచెం పోయి ఆగుతుందని. నేను ఆ ఆగే చోటు కోసం చూస్తున్నాను. యాభై ఐదు. అరవై. డెబ్బై. ఎనభై ఐదు. వంద.

"నూటికి నూరు పోతుందన్నా. పెడల్ మంచిగుంది," అన్నాడతను.

ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. తెరిచి ఉన్న తలుపు దగ్గర వంగి, అన్న పాదం కింది మ్యాట్ వైపు చూస్తున్నాను. చెయ్యి కూడా చాపాను. అన్న ముందుకు వంగి, నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు.

"అది లేదురా. ఎప్పుడో తీసిన."

లేచి నిలబడ్డాను. ఆ చేసేవాడు ల్యాప్‌టాప్ చూసుకుంటూ, ఇంజన్ ఆరోగ్యంగా ఉందని, ఎక్కడా ఒక్క తప్పు కూడా చూపించడం లేదని, ఈ బండికి పుట్టుకతో ఉన్న బలమే మంచి బలమని చెప్తున్నాడు. "ఇంకా కావాల్నంటె పెంచుత. ఫైల్ ఎక్కియ్యాల్నా?"

అన్న స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టాడు. "వద్దు తమ్మీ," అన్నాడు. "బండి మంచిగనే ఉందంటున్నవు గదా. ఉండనీ."

ఏడాదిన్నర తర్వాత మొదటిసారి ముందు సీట్లో కూర్చున్నాను. సందు మలుపు దాకా పోయి అన్న బండి పక్కకు ఆపాడు. పక్కన ఎవరో ఇస్త్రీ బండి దగ్గర బట్టలు లెక్కపెట్టుకుంటున్నారు. అన్న వాళ్లనే చూస్తూ మాట్లాడాడు, నన్ను చూడలేదు.

"నువ్వు పెట్టిన వారానికే దొరికింది. వానకు మ్యాట్ తడిస్తే ఆరేద్దమని ఎత్తిన. మస్తు కోపమొచ్చింది నీ మీద. అమ్మకు చూపిస్తె అమ్మ ఏడ్సింది. వాణ్ని ఏమనకు, నేనే చెప్పిన అన్నది. దీన్ని నాకియ్యి, నువ్వే నిమ్మలంగ తోలు, వానికి చెప్పకు, వాడు చిన్నబోతడు అన్నది. ఒట్టు పెట్టించుకున్నది. ఇగ గట్లనే తోలిన."

మూడేళ్లు నేను మురిసిపోయిన మార్పు అది. ముక్క చేసింది కాదు.

"మరి ఆ రోజు..." అన్నాను.

"ఆ రోజు నేను తొక్కలేరా." స్టీరింగ్ అంచును వేళ్లతో రుద్దాడు. "రోడ్డు ఖాళీ ఉన్నది. బండిల బలమున్నది. మూడేండ్లు నిమ్మలంగ తోలి తోలి కాలు పోలేదు. సగమే తొక్కిన. గుంజుతలేదని బండిని తిట్టిన. తొక్కుదమని గట్టిగ అనుకున్న టైమ్‌కు అమ్మ నిమ్మలంగ అన్నది. కాలు లేసింది. అమ్మ మాట ఇన్న. ఎన్నడూ ఇననోణ్ని, ఆ రోజు ఇన్న." ముఖం తుడుచుకున్నాడు. "ఈ బండి తక్కువది అని ఎవరన్న ఒక్కడు ఒక్క మాట చెప్తడేమోనని వచ్చిన ఇక్కడికి. గాయన గూడ చెప్పలే."

నేను అన్న భుజం మీద చెయ్యి వేసి ఉండాల్సింది. వెయ్యలేదు. నాలో ఏం జరుగుతోందో చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. ముందుగా కలిగింది హాయి. ముక్క లేదు. అమ్మను చంపింది నేను కాదు. గుండెల మీది రాయి దిగినట్టయింది. ఆ హాయి ఒక నిమిషం కూడా నిలవలేదు. ముక్క లేదని అమ్మకు తెలుసు. అన్నకూ తెలుసు. ఆ కారులో ముక్క ఉందని నమ్మింది నేనొక్కణ్నే. నమ్మి, నోరు మూసుకుని కూర్చుంది నేనొక్కణ్నే.

అమ్మ చెయ్యి నొక్కడం గురించి ఏడాదిన్నర నుంచి వెయ్యి రకాలుగా అనుకున్నాను. చెప్పు అని నొక్కిందేమో. చెప్పకు, అన్న తట్టుకోలేడు అని నొక్కిందేమో. ఆమె మనసులో ముక్క ఊసే లేదు. నొప్పికి నొక్కింది, అంతే. కొడుకు చెయ్యి పక్కనుంది కాబట్టి పట్టుకుంది.

అన్న చెప్పేశాడు. ఇక చెప్పాల్సింది నేను. ఇస్త్రీ బండి దగ్గర వాళ్లు వెళ్లిపోయారు.

"అన్నా, నాకు తెల్వదు నువ్వు తీసినవని," అన్నాను. "అది ఉన్నదనే అనుకున్న. బ్రిడ్జి మీద నువ్వు గుంజుతలేదు అన్నప్పుడు నాకు యాదికొచ్చింది. అది పీకెయ్ అని చెప్పాలె. చెప్పలే. దిగేదాక చెప్పలే."

అన్న మొదటిసారి నా వైపు తిరిగాడు. అతని కళ్లు అచ్చం అమ్మ కళ్లు, ఆ సంగతి అప్పటిదాకా గమనించలేదు. కోపం వస్తుందని చూశాను. అరుస్తాడనుకున్నాను. కొడితే బాగుండు అనుకున్నాను.

"ఎందుకు చెప్పలేరా?" అన్నాడు మెల్లగా.

నా దగ్గర పెద్ద పెద్ద కారణాలున్నాయి. భయం, దిగ్భ్రాంతి, అమ్మ చెయ్యి, ఏడాదిన్నరగా కూర్చి పెట్టుకున్నవి. అన్న ముఖం చూస్తూ ఒక్కటీ చెప్పలేకపోయాను. ఉన్నదే చెప్పాను.

"నువ్వు తిడ్తవని."

అన్న తల తిప్పుకున్నాడు. బండి స్టార్ట్ చేశాడు. నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాకా మెల్లగానే నడిపాడు. బస్సుకు దారిచ్చాడు. రోడ్డు దాటే పిల్లల కోసం ఆగాడు.

ఇంటికొచ్చాక నేను బాల్కనీ దగ్గరికి పోయాను. అమ్మ దీన్ని నాకియ్యి అందని అన్న చెప్పినప్పుడే నాకు తట్టింది. తలుపు కింది అడ్డును లాగి, పాత చీర గుడ్డ విప్పాను. ఆకుపచ్చ చీర, అమ్మ ఇంట్లో కట్టుకునేది. లోపల రెండు వేళ్ల మందాన నల్లటి ముక్క. ఒక వైపు నేను పూసిన బంక ఎండిపోయి ఇంకా అట్లాగే ఉంది. నాలుగున్నరేళ్లుగా రోజుకు పదిసార్లు దాన్ని దాటుకుంటూ తిరిగాను. వెనక గాలికి తలుపు దడాలున కొట్టుకుంది. వంటింట్లోంచి వదిన, "ఆ అడ్డం ఎవరు తీసిండ్రు?" అని అడిగింది. మళ్లీ గుడ్డ చుట్టి ఎక్కడ ఉన్నదాన్ని అక్కడే పెట్టేశాను.

కారు కంప్యూటర్ ఇప్పటికీ కంపెనీ ఇచ్చినట్టే ఉంది. రీమ్యాప్ మాట అన్న మళ్లీ ఎత్తలేదు. ఆదివారాలు ఇడ్లీ తింటాం. చట్నీ నా వైపు జరుపుతాడు. కరెంటు గురించి, క్రికెట్ గురించి మామూలుగానే మాట్లాడుకుంటాం. నేను ముందు సీట్లోనే కూర్చుంటున్నాను. బండి ఎక్కిన ప్రతిసారీ, ఇప్పుడు అంటాడు, ఈ మలుపు తర్వాత అంటాడు, అని ఎదురుచూస్తాను.

అన్న ఇంతవరకు నన్ను తిట్టలేదు.